చెక్క దరువు

తెర వెనక నరసింగరావు తోలుబొమ్మను ఆడిస్తున్నాడు. తెర ముందు లీలారాణి నాట్యం చేస్తోంది. బొమ్మ గెంతితే ఆమె గెంతాలి, బొమ్మ ఆగితే ఆగాలి. ఆయన కాలి కింద చెక్కను తొక్కి వేసే దరువే ఇద్దరికీ తాళం.

విజయనగరంలో మొదటి ప్రదర్శన. ఆ దరువు కాస్తా నీరసపడింది.

పొద్దున రిహార్సల్లో లీలారాణి కుడి మడమ బెణికింది. తెలిస్తే ఆట ఆపేస్తారని కట్టు కట్టి గజ్జెల కింద దాచింది. తాను పళ్లబిగువున ఆడుతుంటే ఈయన తాళం తప్పుతాడా?

యుద్ధఘట్టం వచ్చింది. మూడు గెంతులుండాలి. బొమ్మ ఒక్కసారి గెంతి నిలబడిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు.

ఆట అవగానే ఆమె తెర వెనక్కి వెళ్లింది.

"ముసిలోడివైపోనావు తాతా. జనం నవ్వినారు, ఇనపడ్డాదా?"

నరసింగరావు బొమ్మను పెట్టెలో పడుకోబెడుతూ తలెత్తలేదు.

"ఇనపడ్డాది. నీ కుడికాలి గజ్జెల సప్పుడు సగమే ఇనపడ్డాది. మూడు గెంతులూ గెంతితే ఆ కాలు ఏటయిపోను? ఎవులికీ సెప్పనులే. రేపు శ్రీకూర్మం ఆటలో కూడా నేను ముసిలోణ్ణే."