బూడిద కెలికిన మనిషి

"ఏయ్! ఎవరే నువ్వు? ఆ బూడిదలో చేతులేంటి?"

అయ్యప్ప అరుపుకి వల్లకాటి గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి.

చితి దగ్గర గొంతుక్కూర్చున్న ఆడమనిషి ఉలిక్కిపడి లేచింది. యాభై దాటి ఉంటాయి. కట్టుకున్న తెల్లచీర నిండా మసి.

పెళ్ళాం రాజకుమారి అస్థికలు ఏరుకుందామని సూరయ్య బావమరిది అయ్యప్పని వెంటబెట్టుకుని అప్పుడే వచ్చాడు. తీరా చూస్తే ఇంటివాళ్ళకంటే ముందే ఎవరో ఏరేస్తున్నారు!

"నోట్లో పెట్టిన బంగారం కోసమా?" అన్నాడు సూరయ్య. "అది చిలకలపూడి గిల్టు ముక్కే తల్లీ. అసలుది ఎప్పుడో ఆస్పత్రికి ధారపోశాం."

"బంగారం కోసం కాదు బాబూ. చెబుతాను, ఒక్క మాట వినండి..."

అయ్యప్ప వింటేగా! ఆమె పిడికిలి బలవంతంగా విప్పాడు. లోపల నల్లగా కాలిన ఇనుప వస్తువు, చిన్న పట్టకారులా ఉంది.

"చూశావా బావా! ఇనుము! అక్క బూడిదతో చేతబడి చేస్తోంది ఇది!"

చెంప ఛెళ్ళుమంది.

ఆమె ఏడవలేదు. చెయ్యి చాచింది.

"కొట్టండి, పడతాను. అది మాత్రం పారెయ్యకండి. అది మీ ఆవిడదే. భద్రంగా దాచుకోండి."

"నోరెత్తావంటే చంపేస్తాను! చచ్చినదాన్ని కూడా వదలవా?" అని అరిచాడు సూరయ్య.

అతనికి ఒళ్ళు మండిపోయింది. అసలే పుట్టెడు దుఃఖంలో ఉన్నాడు. గుడివాడలో గర్భసంచి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ రాజకుమారి కడుపునొప్పి, కడుపునొప్పి అంటూనే పోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరేమో, "చేపల గంప మోయించావు, అందుకే పోయింది" అనేశాడు. ఆ మాట పట్టుకుని కూతురు సాయిదుర్గ తండ్రితో మాట్లాడటమే మానేసింది.

ఆ ఇనుము నేల మీదుంటే పెళ్ళాం ఆత్మకి శాంతి ఉండదనుకున్నాడు సూరయ్య. అస్థికల కుండలోనే వేసి, హంసలదీవి వెళ్ళి సాగరసంగమంలో కలిపేశాడు.

పాపం, ఆ ఆడమనిషి రోడ్డు దాకా వెనకాలే వచ్చింది. అయ్యప్ప రాయి తీశాక ఆగిపోయింది.

పెద్దకర్మ అయ్యాక బందరు నుంచి గిరిధర్ అనే లాయరు కబురు పెట్టాడు.

"కూర్చో సూరయ్యా. మీ ఆవిడ నీవల్ల పోలేదు. ఆపరేషన్లో పట్టకారు కడుపులోనే మర్చిపోయి కుట్టేశారు."

సూరయ్యకి ముందు గుర్తొచ్చింది కూతురే.

"ఈ మాట మా అమ్మాయికి చెప్పండి బాబూ! వాళ్ళమ్మని నేను చంపలేదని చెప్పండి!"

"నేను చెబితే నమ్ముతుందా? కోర్టు నమ్ముతుందా? ఎక్స్‌రే లేదు, పోస్టుమార్టం లేదు. బూడిదలో ఏమీ దొరకలేదా?"



"దొరికిందండీ," అన్నాడు సూరయ్య. "సముద్రంలో కలిపేశాను."

లాయరు తల పట్టుకున్నాడు.

"ఇదంతా మీకెవరు చెప్పారండీ?"

"రాహేలు అని, ఆ ఆపరేషన్లో ఉన్న నర్సు. మీ ఆవిడ పోయిందని తెలిసి నా దగ్గరికొచ్చింది. సాక్ష్యం తెస్తానని మీ కోడూరు బస్సెక్కింది. సాయంత్రం ఫోన్ చేసి, 'ఆ ఇంటివాళ్ళే వద్దన్నారండీ, ఇంక నావల్ల కాదు' అని పెట్టేసింది. ఇప్పుడు ఫోనూ లేదు, మనిషీ లేదు. ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది."

"ఆవిణ్ణి కొట్టాం బాబూ!" అన్నాడు సూరయ్య. "అయినా మాకోసం అంత అవస్థ ఎందుకు పడిందండీ? మేం ఆవిడకేమవుతాం?"



"కుట్లు వేసేముందు పరికరాల లెక్క సరిపోయిందని డాక్టరుకి చెప్పింది ఆవిడే సూరయ్యా. ఆ పట్టకారు కోర్టుకొస్తే ముందు జైలుకెళ్ళేది తనేనని తెలిసే, దాన్ని వెతకడానికి వచ్చింది."