ఫిల్మ్ నగర్‌లో వణుకు

"పెద్దాయనా, మీదే ఊరండీ?"

"మన్యంలో చింతపల్లి బాబూ. ఇప్పుడు మధురానగర్‌లో ఉంటున్నా. నన్ను ఇక్కడికి రమ్మన్నది..."

అసిస్టెంట్ డైరెక్టర్ విహారి ఆ తర్వాతి మాట వినలేదు. చింతపల్లి అన్నది చాలు అతనికి.

కొండమీది ముఖాలు కావాలని డైరెక్టర్ వారం రోజులుగా ప్రాణం తీస్తున్నాడు. ఎంతమంది జూనియర్ ఆర్టిస్టులను తెచ్చినా అన్నీ యూసుఫ్‌గూడ ముఖాలే అని విసుక్కుంటున్నాడు. ఇప్పుడు అసలైన మనిషి నడుచుకుంటూ గేటు దగ్గరికే వచ్చాడు.

"పోచయ్యా! ఈయనకి కంబళి కప్పి లోపలికి పంపు." విహారి సెట్ బాయ్‌ని కేకేశాడు.

"బాబూ, నేను చెప్పేది ఒక్క నిమిషం..."

"లోపల అన్నీ చెబుతారండీ. నడవండి, నడవండి."

బయట మే నెల ఎండ ఫిల్మ్ నగర్ రోడ్లను కాల్చేస్తోంది. లోపల సెట్టులో మాత్రం మన్యం, పుష్యమాసం, తెల్లవారుజాము.

హీరోగారికి చలి పడదు. అందుకని కొండనే కిందికి దింపారు. అక్కడి చలిని దింపడం ఎవరి తరమూ కాక, దట్టంగా పొగ వదిలారు. ఏసీ వేస్తే పొగ చెదిరిపోతుందని అదీ ఆపేశారు.

సీను చిన్నదే. చలిమంట చుట్టూ ఊరి జనం వణుకుతుంటే హీరో నడిచి వస్తాడు. ఆయన సాయంత్రం విమానం ఎక్కేస్తాడు. ఈలోగా షాటు పూర్తి కాకపోతే విహారి ఉద్యోగం ఊడినట్టే.

మొదటి టేకులో ఎవరూ సరిగ్గా వణకలేదు. చెమటలు కక్కుతూ చలి నటించడం అంత తేలికా మరి!

ఎర్ర కంబళి కప్పుకున్న పూజిత ఒక్కతే గడగడా వణికింది.

"అదీ!" మైకులో డైరెక్టర్ గొంతు. "ఆ ఎర్ర కంబళి అమ్మాయిని చూసి నేర్చుకోండి!"

విహారి మురిసిపోయాడు. ఆ అమ్మాయిని ఎంచింది తనే.

పెద్దాయన లేచి వెళ్లి పూజిత మెడమీద చెయ్యి పెట్టాడు.

"బాబూ, ఈ పిల్ల నటించట్లేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ముందు బయటికి తీసుకెళ్లండి."

"మీకు డైలాగుల్లేవండీ," అన్నాడు విహారి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"మా కొండమీద ఈ కంబళి ప్రాణం నిలబెడుతుంది. ఇక్కడ తీసేస్తుంది. అందరి చేతా తీయించండి. నా మాట వినండి, నేను..."

"సైలెన్స్!" అని ఎవరో అరిచారు.

విహారికి ఒళ్లు మండిపోయింది.

"ఎర్ర కంబళి కనిపించకపోతే డైరెక్టర్ నన్ను చంపేస్తాడు. వెళ్లి కూర్చోండి!"

"అయితే అది నా మీద వెయ్యి. ఆ చోట నేను కూర్చుంటా. ముసుగు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

విహారికి ఆ మాట నచ్చింది. అప్పటికే ఒంటిమీదున్న కంబళి తీసే తీరిక కూడా ఇవ్వకుండా ఎర్రదాన్ని ఆయన మీద కప్పేశాడు.

పెద్దాయన పోచయ్యను పిలిచాడు. "నీడలో పడుకోబెట్టు. ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండు. షాటు కాగానే నేనొస్తా."

"నేను జూస్కుంట సారూ, ఫికర్ జెయ్యకు," అంటూ పోచయ్య పిల్లను ఎత్తుకెళ్లాడు.

రెండో టేకులో పెద్దాయన వణికాడు. మూడో టేకులో ఇంకా బాగా వణికాడు.

"అదరగొడుతున్నాడయ్యా! ఇంకొక్కటి!" అన్నాడు డైరెక్టర్.

విహారి ఊపిరి పీల్చుకున్నాడు.

మళ్లీ పొగ వదిలారు. హీరో నడిచి వచ్చాడు. ఎర్ర కంబళి మాత్రం కదలలేదు.

"కట్! పెద్దాయనా, వణకండి!"

కంబళి కదలలేదు.

"సారూ!" పోచయ్య పరుగున వచ్చాడు. "పిల్ల లేసి కూసున్నది! గాయన జెప్పినట్టే జేసిన. ఏడున్నడు గాయన?"

విహారి వెళ్లి భుజం తట్టాడు. పెద్దాయన పక్కకు ఒరిగిపోయాడు.

ఎర్ర కంబళి లాగేశాడు. లోపలి కంబళీ లాగేశాడు. ఒళ్లు కాలిపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు. విహారి మోకాళ్లమీద కూర్చునే అరిచాడు.

"డాక్టర్ ఏడీ? ఎండలకి సెట్టులో డాక్టర్ ఉండాలని చెప్పాం కదా!"

"పిలిపించానండీ!" అన్నాడు మేనేజర్ రాఘవేంద్ర. "త్రినాథరావుగారని, మన్యం ఆస్పత్రిలో చేసి రిటైరయ్యారు. గేటు దగ్గరికి వచ్చానని పొద్దునే చెప్పారు. ఇంకా లోపలికి రాలేదేమిటో!"

"చెయ్, తొందరగా ఫోన్ చెయ్!"

రాఘవేంద్ర నంబరు నొక్కగానే, విహారి మోకాళ్ల పక్కన, పెద్దాయన చొక్కా జేబులో ఫోను మోగింది.