ఎవరి పేరు చెబితే వారికే

"గోత్రం తెలియకపోతే కాశ్యపం అంటాం. పేరుకు మాత్రం అలాంటి వెసులుబాటు లేదు" అన్నాడు పంతులు. "ఎవరి పేరు చెబితే ముద్ద వారికే చేరుతుంది. ఆలోచించుకుని చెప్పు బాబూ."

దాలయ్య తల ఊపాడు. ఆ మాట నమ్మే అతను శ్రీకూర్మం వచ్చాడు.

తండ్రి లక్ష్ముడు తిత్లీ తుపాను వచ్చిన నెలలో పోయాడు. ఏడాది తిరిగింది. కాశీ వెళ్లలేనివాళ్లు కూర్మనాథుడి దగ్గర పిండం పెడతారు, మనమూ పెట్టాలని తల్లి కూర్మమ్మ పట్టుబట్టింది. దాలయ్య వెంటనే సరేనన్నాడు. ఎందుకన్నాడో భార్య హేమకు ఆ ఉదయం దర్శనం అయ్యాక పడమటి ధ్వజస్తంభం దగ్గర తెలిసింది. అప్పుడు అత్త గుడిలో పెంచే తాబేళ్లకు ఆకుకూర వేయడానికి వెళ్లింది.

"ఆడి పేరు సెప్పను" అన్నాడు దాలయ్య.

"అదేటి మావా?"

"ఆడికి ముద్ద పడకూడదు. ఆకలితో తిరగనీ, ఎన్నాళ్లు తిరుగుతాడో."

"దేముడి ముందర అయ్యేం మాటలు?"

"ఈ దేముడే సముద్రానికి ఈపు ఎట్టి పడమరకి సూస్తన్నాడు. నేను మా అయ్యకి ఈపు ఎడితే తప్పేటి?"

హేమ నవ్వు ఆపుకుంది. అతని కనుబొమ మీది మచ్చ చూసి ఆ నవ్వూ పోయింది. పన్నెండో ఏట పడవ ఎక్కబోతే తండ్రి తెడ్డుతో కొట్టిన దెబ్బ అది. లక్ష్ముడు అతన్ని ఏనాడూ వల ముట్టనివ్వలేదు. కొడకా అని పిలవలేదు. పెద్దయ్యాక పడవను అల్లుడికిచ్చాడు. దాలయ్య ఈనాటికీ పరాయి పడవల్లో కూలికి వేటకు పోతున్నాడు.

"మరెవుల పేరు సెప్తావు?"

"గంగులు బాబాయిది."

గంగులు లక్ష్ముడి పడవలో కూలి. తెడ్డు దెబ్బ తిన్న రోజున దాలయ్యను భుజాన వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనే. మూడేళ్ల కిందట జ్వరంతో పోయాడు. నీళ్లు వదలడానికి ఎవరూ లేరు.

"అత్త ఊరుకుంటాదా?"

"ఊరుకోకపోతే మరీ మంచిది. ఆడు కొడతా ఉంటే ఇన్నేళ్లూ సూస్తా ఊరుకున్నాది గదా."

ఇప్పుడు పుష్కరిణి గట్టున అతని కుడి భుజం మీద తువ్వాలు ఉంది. వేలికి దర్భ ఉంగరం ఉంది. విస్తరిలో పిండం ఉంది. వెనక కూర్మమ్మ, హేమ కూర్చున్నారు.

"ఎలాటోడైనా నీ తండ్రిరా" అంది కూర్మమ్మ. "పేరు గట్టిగా సెప్పు. మీ అయ్యకి ఇనబడాల."

"ఇనబడాలనే సెప్తానమ్మా."

"తండ్రి పేరు?" అడిగాడు పంతులు.

"గంగులు."

హేమ కళ్లు మూసుకుంది. పంతులుకు లక్ష్ముడూ తెలియదు, గంగులూ తెలియదు. మంత్రంలో ఆ పేరు చేర్చి చదివాడు. దాలయ్య నువ్వులూ నీళ్లూ వదిలాడు. పంతులు మూడుసార్లు అడిగాడు. దాలయ్య మూడుసార్లూ అదే పేరు చెప్పాడు. మూడోసారి పక్క విస్తరి దగ్గర కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు.

తల్లి లేచి అరుస్తుందనుకున్నాడు. ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఏడాదిగా దాచుకుని ఉన్నాడు.

పిండం నీళ్లలో కలిపి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏటమ్మా, తిట్టవేటి? నీ మొగుడికి ముద్ద నేకుండా సేసినాను. ఆడు నన్ను కొడుకు అన్లేదు, నేను ఆణ్ని తండ్రి అన్లేదు. సెల్లుకు సెల్లు."

కూర్మమ్మ పంతులు సంచి సర్దుకుని వెళ్లేదాకా ఆగింది. హేమను మంచినీళ్లకు పంపింది. కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నీకెవులు సెప్పినార్రా?"