పందిరి నిండా ఒక్కతే

"మేడమ్, ఇప్పుడు పెళ్లికూతురి మేనత్త. కాస్త దూరం నుంచి పిలిచినట్టు ఉండాలి" అన్నాడు సౌండ్ ఇంజనీరు సృజన్, అద్దం అవతలి నుంచి.

సత్యలక్ష్మి మైకు నుంచి వెనక్కి జరిగింది. "ఒసేయ్, తలంబ్రాల పళ్లెం ఏదే?" అని కేకేసింది. మళ్లీ ముందుకొచ్చి, గొంతు వణికిస్తూ నాయనమ్మలా దగ్గింది. ఆ తర్వాత లడ్డూ కోసం ఏడ్చే పిల్ల అయింది. ఆ పిల్లను కసిరే తల్లీ తనే అయింది.

సృజన్ ఆ గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి వినిపించాడు. మగగొంతులు కావలసిన చోట ఆమె గొంతునే మిషన్ బొంగురు చేసింది. తెర మీద పెళ్లిపందిరి కళకళలాడిపోయింది. గదిలో మాత్రం సత్యలక్ష్మి, ఆమె మంచినీళ్ల సీసా.

ఫిలింనగర్‌లోని ఆ డబ్బింగ్ స్టూడియోకు ఒకప్పుడు ఈ గోల చెయ్యడానికి పదిహేనుమంది వచ్చేవారు. ఒకే మైకు చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడి అరిచేవారు. ఎవరికో నవ్వొచ్చేది. మళ్లీ మొదటికి. మధ్యలో టీలు, క్యారేజీలు, ఇంటి కబుర్లు. సినిమాకు రెండు రోజులు పట్టేది. నిర్మాతలు విసుక్కుని వేరే చోటికి పోయేవారు. ఇక మూసేద్దామా అని యజమాని పృథ్వీరాజ్ రోజూ అనుకునేవాడు.

అప్పుడొచ్చింది కొత్త పద్ధతి. ఒక్క మనిషే అన్ని గొంతులూ విడివిడిగా ఇవ్వడం. రెండు రోజుల పని ఒక పూటకు దిగింది. నిర్మాతలు వరసకట్టారు. ఏడాది తిరక్కుండా పృథ్వీరాజ్ జూబ్లీహిల్స్‌లో రెండో స్టూడియో తెరిచాడు. పాత గుంపులోంచి సత్యలక్ష్మిని మాత్రం ఉంచుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పబోతుంటే గేటు దగ్గర నాగేశ్వరి కనబడింది. ఆ పదిహేనుమందిలో ఒకతె. పెద్ద నోరు, అంతకన్నా పెద్ద నవ్వు. ఇప్పుడు మధురానగర్‌లో ఓ చీరల కొట్లో పనిచేస్తోంది.

"గీ దిక్కు పనివడ్డదక్కా. నిన్ను జూసి పోదామని వచ్చిన" అంది.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. సత్యలక్ష్మి క్యారేజీ మూతలో సగం అన్నం పెట్టి ఇచ్చింది.

"మన గుంపులో వెంకటనర్సయ్య ఎలా ఉన్నాడే?"

"ఏముంటడు? ఇంట్ల గూడ మాట్లాడుతలేడంట. మనతోని ఒర్రిన నీలమ్మ గూడ పని లేక ఊరికి వోయింది." నాగేశ్వరి ముద్ద కలుపుతూ ఆగింది. "నాకైతే పని దొరికింది, గా ఫికర్ లేదక్కా. గని గుంపుల నిలవడి ఒర్రుతుంటే మా ఇంట్ల పెండ్లి లెక్కనే ఉంటుండె. ఇప్పుడు దినమంత చీరలు మడతవెట్టుడే. ఒక్కలు గూడ మంచిగ మాట్లాడరు."

సత్యలక్ష్మి ఆమె మూతలో ఇంకాస్త కూర వేసింది.

"నీదైతే ఇంక అన్యాలం. మేమంత జేసే లొల్లి నువ్వొక్కదానివే జెయ్యవడ్తివి. సారుకు గీ ఉపాయం జెప్పినోని నోట్లె మన్నువడ! మిషన్లు అమ్మెటోడే జెప్పి ఉంటడు."

"ముందు తిను నాగేశ్వరీ" అంది సత్యలక్ష్మి. తన గిన్నె మాత్రం పక్కకు జరిపింది.

వెళ్తూ వెళ్తూ నాగేశ్వరి గేటు దగ్గర వెనక్కి తిరిగింది. "ఎప్పుడన్న గుంపు గావాలంటే సారుకు నా పేరు జెప్పక్కా!" అని పగలబడి నవ్వింది. అందులో ఏడుపు లేదు. అదే సత్యలక్ష్మి చూడలేకపోయింది.

లోపల సృజన్ సిద్ధంగా ఉన్నాడు. "ఒక్కటే మిగిలింది మేడమ్. పందిట్లో ఎవరో ఆడమనిషి గట్టిగా నవ్వాలి."

సత్యలక్ష్మి కళ్లు మూసుకుంది. నాగేశ్వరి నవ్వు నవ్వింది.

"అదిరింది మేడమ్! అచ్చం వేరే మనిషే!"

ఆ నవ్వును మరోసారి వేయించుకుని వింది. మళ్లీ వేయమంది. సృజన్ విచిత్రంగా చూశాడు గానీ వేశాడు.

గుంపు ఇంకా ఉన్న రోజుల్లో, మిగతా అందరూ భోజనాలకు వెళ్లిన ఒక మధ్యాహ్నం, పృథ్వీరాజ్ గది తలుపు తోసుకుని వెళ్లి, "ఇంతమందెందుకు సార్, నేనొక్కదాన్నే చేసి చూపిస్తాను" అన్నది సత్యలక్ష్మే.