ఆఖరి పడవ నాలుగున్నరకి

"మా టూరు తీసుకున్నవాళ్ళు ముందు దిగుతారు మేడమ్. సొంతంగా వెళ్ళేవాళ్ళు ఆ తర్వాతే," అంది ఓడ కౌంటర్లో అమ్మాయి, టోకెన్ అమ్మ చేతిలో పెడుతూ.

"ఎన్ని పడవల తర్వాత?"

"నాలుగో ఐదో..."

"నాలుగా? ఐదా?"

ఆ పిల్ల బిత్తరపోయి కంప్యూటర్లో చూసి, "ఐదోది మీదండీ," అంది.

వెనక నిలబడ్డ చిన్నకొడుక్కి నవ్వొచ్చింది. ముప్పై రెండేళ్ళు బస్టాండులో కంట్రోలరుగా చేసిన మనిషితో 'నాలుగో ఐదో' అంటే కుదురుతుందా? ఆవిడ విజిల్ విని డ్రైవర్లు తమ వాచీలు సరిచేసుకునేవాళ్ళని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ రేవులో లోతు చాలదు. ఓడ సముద్రంలోనే లంగరేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేరవేస్తుంది. తిరిగి వచ్చే ఆఖరి పడవ నాలుగున్నరకి. ఓడవాళ్ళ టూర్లో వెళ్తే ఆలస్యమైనా ఆగుతారు. సొంతంగా తిరగబోయినవాళ్ళ కోసం ఒక్క నిమిషం ఆగరు.

అమ్మ కాగితం మీద లెక్క వేసేసింది. "పదిన్నరకి మన పడవ. పావుగంటలో ఒడ్డు. అక్కణ్ణించి మీ అన్నయ్య షెడ్డుకి టాక్సీలో గంటా పది నిమిషాలు. మూడింటికి బయల్దేరితే ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి."

"నేను లోపలికి రాను. ముందే చెప్తున్నా. నిన్ను దింపి బయట కూర్చుంటా."

"కూర్చో. నిన్నెవరు రమ్మన్నారు?"

"సంచేంటమ్మా ఇంత బరువు?"

"మందులు, స్వెట్టరు, పాస్‌పోర్టులు. సొంతంగా దిగేవాళ్ళు అన్నీ దగ్గరుంచుకోవాలిట."

తొమ్మిదేళ్ళ కిందట నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడు, అన్నయ్య వచ్చేదాకా ఆగకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది చిన్నవాడే. నాన్న బల్ల మీదనించి లేవలేదు. గంట తర్వాత పరుగున వచ్చిన అన్నయ్య ఆస్పత్రి వరండాలో అందరి ముందూ అన్నాడు, "నీ తొందరే నాన్నని పొట్టనబెట్టుకుందిరా," అని. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

లెక్క ప్రకారం పన్నెండింటికి ఐదు నిమిషాల ముందే షెడ్డు ముందు దిగారు. లోపలంతా డీజిల్ వాసన. పెద్దవాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అమ్మని పట్టుకున్నాడు. జుట్టు సగం నెరిసిపోయింది. తమ్ముడి వైపు చూశాడు గానీ పలకరించలేదు. తమ్ముడు గేటు పక్కన బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు.

షెడ్డు మధ్యలో స్టాండు మీద పెద్ద పడవ ఇంజను ఉంది. "నెలన్నర నించీ పెడసరంగా కూర్చుందమ్మా," అంటూ పెద్దవాడు స్టార్ట్ చేశాడు. అది నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

తమ్ముడు జనరేటర్ల మెకానిక్. వింటూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు. మూడోసారి స్టార్ట్ చేసినా అది దగ్గేసరికి, ఎటో చూస్తూ అన్నాడు.

"గాలి లాగుతోంది. డీజిల్ పైపు దగ్గర."

"పైపు మార్చాను," అన్నాడు పెద్దవాడు తలెత్తకుండా.

"అయితే పంపు వాషరు."

పెద్దవాడు స్పానరు పట్టుకున్న చెయ్యి వెనక్కి చాపాడు.

తమ్ముడు చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. ఫోను ఆ జేబులోనే ఉండిపోయింది. మోచేతుల దాకా మడ్డి పూసుకుని పంపు విప్పుతూ కేకేశాడు.

"అమ్మా, టైమెంత?"

"ఉందిలేరా. నేను చెప్తాగా."

వాషరు దొరకలేదు. ఉన్నదాన్నే కత్తిరించి సరిపెట్టారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. టైము సంగతి అమ్మ చూసుకుంటుంటే ఇంక దిగులెందుకని పనిలో పడ్డాడు.

బోల్టు బిగిస్తూ పెద్దవాడు ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ రోజు నేను ముందొచ్చి ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణేరా. వేరే దారి లేదని డాక్టరు తర్వాత చెప్పాడు. నీకు చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు."

తమ్ముడి చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఆ ముక్క చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టిందా?"

"నువ్వు రావడానికీ అంతే పట్టిందిగా!"

ఇద్దరూ కలిసి మిగిలిన బోల్టులు బిగించారు. తర్వాత తమ్ముడే, "స్టార్ట్ చెయ్యన్నయ్యా," అన్నాడు.

ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి గర్జించింది! రేకులు దడదడలాడాయి. అన్నదమ్ములిద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టి, మడ్డి చేతులతోనే ఒకరినొకరు వాటేసుకున్నారు. ఆ హోరులో అమ్మ చప్పట్లు కొట్టడం కనిపించింది గానీ వినిపించలేదు.

"పదండర్రా, టైమైంది!" అంది ఆవిడ, ఇంజను ఆపాక.

పెద్దవాడి వ్యానులోనే బయల్దేరారు. అన్నదమ్ములు ముందు సీట్లో దారంతా ఒకటే కబుర్లు. ఆవిడ వెనక సీట్లో కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది.

రేవు ఖాళీగా ఉంది. తాడు చుడుతున్న మనిషి సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "వెళ్ళి ఏడు నిమిషాలైంది."

అల్లంత దూరాన ఆఖరి పడవ ఓడ పక్కకి చేరిపోతోంది.

"మంచిదే అయింది," అన్నాడు పెద్దవాడు ఆనందం దాచుకోలేక. "ఓడ ఎల్లుండి ఆగే రేవుకి నేనే దింపుతా. అందాకా మా ఇంట్లోనే. నా పిల్లలు బాబాయిని చూడనే లేదు!"

తమ్ముడికి ఓడ గురించి బెంగ లేదు. అమ్మ పరువు గురించే బెంగ. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడకమ్మా. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి లెక్క తప్పితే కొంపలేం మునగవు."

అమ్మ ఇద్దరు కొడుకుల్నీ ఎగాదిగా చూసింది.

"నేను లెక్క వేసిందే పడవ తప్పిపోవడానికిరా!"