దొడ్డి దగ్గర పరీక్ష

"ఈ బొమ్మలో ఏం తక్కువైందో చెప్పవ్వా. నూరేళ్ల కిందట అమెరికాలో చదువురాని సిపాయిలకు పెట్టిన పరీక్ష ఇది."

మిలిటరీ పరీక్ష రెండుసార్లు తప్పిన నాగవేణికి తనకన్నా తెలివి తక్కువవాళ్లు ఒక్కరైనా కావాలి.

అవ్వ శంకరమ్మ, మనవరాలి చేతిలోని పుస్తకంలో ఇంటి బొమ్మను కళ్లు చికిలించి చూసింది. "గడప లేదు."

"తప్పు. పొగగొట్టం లేదు. నీకు సున్నా."

"మనింటికి ఉండాదా?"

"లేదు."

"అయితే మనది ఇల్లు కాదా మే? సరే, ఇప్పుడు నా పరీక్ష. దొడ్డిలో ఏం తక్కువైందో చెప్పు."

నాగవేణి తొంగిచూసింది. గొర్రెలన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. "ఏం తక్కువ లేదవ్వా."

"చెవి తెగిన గొర్రె లేదు. నీకూ సున్నా. అది పెనుకొండ రోడ్డు ఎక్కింటాది, పోయి తోలుకురా."

నాగవేణి పుస్తకం మూసింది. కదలబోయి, దొడ్డి వైపు మళ్లీ తిరిగింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గొర్రెలే. ఒక్కోదానికి ఒక్కో మొహం ఉందని ఇప్పుడే చూసింది.