గాలిలో దొరికిన పాట

తోపులోని పక్షుల బడికి గోరింక పంతులమ్మ. వార్షికోత్సవం నెత్తిమీదికి వచ్చింది, పిల్లలచేత పాడించడానికి పాట లేదు. ఏం చెయ్యాలా అని తల పట్టుకునుంటే, అవతలి కొండ మీంచి ఓ కమ్మని పాట గాలిలో తేలుతూ వచ్చింది.

"ఎవరిదో కనుక్కోండి పంతులమ్మగారూ," అంది పక్క కొమ్మ మీది ఉడుత.

"గాలిలో వచ్చింది అందరిదీనూ!" అని కసిరేసి, విన్నది విన్నట్టే పిల్లలకు బట్టీ పట్టించింది గోరింక.

ఉత్సవానికి కొండ మీది పిగిలిపిట్ట ముఖ్య అతిథిగా వచ్చింది.

"ఈ పాట నేనే కట్టానండీ," అని గోరింక మెడ నిక్కించి మరీ చెప్పింది.

పిల్లలు గొంతెత్తారు. రెండో చరణం మధ్యలో అందరూ ఒక్కసారిగా ఖళ్లుఖళ్లున దగ్గి, మళ్లీ రాగం అందుకున్నారు.

పిగిలిపిట్ట ఉలిక్కిపడింది. "ఆ దగ్గు కూడా మీరే కట్టారా?"

గోరింక గబగబా రెక్కలు సర్దుకుంది. "అది... పాటకు అందమండీ!"

"అందమా, నా బొంద! నేను ఆ పాట పాడిన రోజు నాకు జలుబు. ఒక్క మాట అడిగి ఉంటే, తగ్గాక నేనే వచ్చి దగ్గు లేకుండా నేర్పేదాన్ని కదమ్మా!"